ఎర్రమట్టిలో ఇనుముండగా కరివేప ఎందుకు పాలిపోయినది?

మాది జూలూరుపాడు. 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలోను, అటు పిమ్మట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరిన ఊరు. ఒక ప్రక్క పత్తి, మిరప చేలు. మరొక ప్రక్క మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి. మా పెరటి నేల ఎర్ర చలక. గట్టి వాన కురిసినపుడు చూరునీటి చిందులకు సున్నపు గోడ అడుగుభాగమంతా ఎర్రబడిపోతుంది. ఆ ఎరుపు మరేమిటో కాదు, ఇనుప తుప్పు రంగే. మట్టిలోని ఇనుము గాలితో కలిసి తుప్పుగా మారినందువల్లనే చలకకు ఆ వన్నె వచ్చినది.

అటువంటి మట్టిలో ఇరవై ఏళ్లుగా పెరుగుతున్న మా కరివేప చెట్టుకు మూడేళ్ల క్రిందట ఇనుప లోపం వచ్చినది. ఈ మాట విని నవ్వినవారు ఉన్నారు. మొదట నేను కూడ నమ్మలేదు. ఆ చెట్టు విషయంలో నేను చేసిన పొరపాట్లు, వాటి నుండి నేర్చుకొన్న సంగతులు పెరటి మొక్కలు పెంచే గృహిణులకు ఉపయోగపడగలవని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా తండ్రిగారు నాటువైద్యం తెలిసినవారు. "చెట్టుకు బూడిదను మించిన బలం లేదురా" అనేవారు. వేణ్ణీళ్ల పొయ్యిలోని బూడిదను ప్రతి ఉదయం కరివేప మొదట్లో పోయుట మా ఇంటి ఆచారమైపోయినది. నీళ్లు బోరుబావివి, అవి కాచిన గిన్నెల లోపల తెల్లటి పొర కట్టేది. ఆ ఏడాది వేసవి తరువాత వచ్చిన చిగుళ్లు పసుపు రంగులో వచ్చినవి. ఆకు పసుపు, దాని ఈనెలు మాత్రం పచ్చన, వలలాగ కనిపించేవి. తరువాతి చిగుళ్లు ఇంకా పాలిపోయి దాదాపు తెల్లబడ్డాయి. క్రింది ముదురాకులు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నవి.

బలం చాలలేదనుకొని బూడిద పెంచాను. ఆపై గుప్పెడు యూరియా వేశాను. యూరియాకు కొమ్మలు పెరిగాయి గాని, వచ్చిన ప్రతి చిగురూ తెల్లదే. ఎవరో చెప్పగా తుప్పుపట్టిన మేకులు మొదట్లో పాతాను. ఎర్రమట్టిలో తుప్పును తెచ్చి పాతిపెట్టుట ఎంత తెలివైన పనియో అప్పుడు తోచలేదు!

మొక్క తినే ఆహారం ఏమిటన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మనుష్యులకు చాల కాలం పట్టినది. వాన్ హెల్మాంట్ అనే బెల్జియం దేశపు వైద్యుడు 200 పౌండ్ల ఎండుమట్టిని, అనగా సుమారు 90 కిలోలను, తొట్టిలో పోసి 5 పౌండ్ల విల్లో మొక్కను నాటాడు. అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లు దాటినది. మట్టిని మరల ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు 2 ఔన్సులే. చెట్టంతా నీటితోనే తయారైనదని ఆయన తేల్చాడు. ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉన్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంగతి లెక్కలోకి రాకపోవడం ఒక లోపం. ఆ 2 ఔన్సులను పట్టించుకోకపోవడం రెండవది. రెండు ఔన్సులంటే మన గుప్పెడు మట్టి. చెట్టు మట్టినుండి తీసుకొనే లవణాలు ఆ గుప్పెడులోనే ఉన్నవి. అవి లేనిదే మిగిలిన బరువంతా లేదు.

నేటి శాస్త్రం ప్రకారం మొక్కకు మట్టినుండి అందవలసిన ఖనిజ పోషకాలు 14. ఎక్కువ మోతాదులో కావలసినవి ఆరు: నత్రజని, భాస్వరం, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం, గంధకం. స్వల్పంగా కావలసినవి ఎనిమిది: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్. ఒక ధాతువు లేనిదే మొక్క విత్తనం నుండి విత్తనం వరకు తన జీవితాన్ని పూర్తి చేయలేకపోవలెను, దాని పనిని మరొకటి చేయలేకపోవలెను; అప్పుడే దానిని ముఖ్య పోషకమనవలెనని 1939లో ఆర్నన్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు నియమం పెట్టారు. నికెల్ ఈ పట్టికలో చేరినది 1987లోనే. స్వల్పమంటే అల్పమని భావించరాదు. కూరలో ఉప్పు ఎంత? అది లేని కూర ఎవరు తింటారు?

ఈ పదునాలుగింటి పేర్లు కంఠస్థం చేయనక్కరలేదు. మొదట ఒక్క విషయం చూడవలెను: జబ్బు ముదురాకుతో మొదలైనదా, లేతాకుతోనా? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క ఒంట్లో తిరుగాడగలవు. కొరత వచ్చినపుడు మొక్క తన ముదురాకులలోని వాటిని తీసి చిగురుకు పంపును, తల్లి తన ముద్దను బిడ్డకు పెట్టినట్లు. కనుక వీటి లోపం క్రింది ఆకులలో ముందు కనబడును. ఇనుము, కాల్షియం, బోరాన్ అట్లు కావు. ఒకసారి చేరిన ఆకులోనే ఇంచుమించు స్థిరపడిపోవును. ముదురాకులో ఎంత ఉన్నా చిగురుకు అందదు. కనుక వీటి లోపం లేతాకులో కనబడును. గంధక లోపం కూడ సాధారణంగా పైఆకులలోనే తెలియును.

తులసి గాని, వంగ గాని క్రిందినుండి మొదలై మొక్కంతా లేతపసుపుకు తిరిగితే నత్రజని చాలలేదు. అరటి ముదురాకుల అంచులు నిప్పు తగిలినట్లు ఎండుట పొటాష్ లోపం. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుట తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవుటే. దానికి చాలసార్లు కారణం మట్టిలో కాల్షియం లేకపోవడం కాదు, నాలుగు రోజులు ఎండబెట్టి అయిదవ రోజు కుండలతో నీళ్లు గుమ్మరించుట. కాల్షియం నీటితోపాటే మొక్కలో పైకి ప్రయాణించును గనుక నీరు సమంగా పెట్టవలెను. నిమ్మ ఆకులు చిన్నవై, గుత్తులుగా, ఈనెల మధ్య పసుపు పట్టితే అది జింకు లోపమని ఎక్కువమంది తోటరైతులు ఎరిగినదే.

మా వైపు పత్తిచేలలో పూత, కాయ దశకు వచ్చేసరికి క్రింది ఆకులు ఈనెల మధ్య ఎర్రబారుట చూస్తాము. అది మెగ్నీషియం లోపం. పత్రహరితపు అణువు నడుమ కూర్చున్నది మెగ్నీషియమే. అది తగ్గితే పచ్చదనం తగ్గును. విత్తిన 45వ రోజున, 75వ రోజున లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి చల్లవలెనని వ్యవసాయ శాస్త్రవేత్తల సలహా. ఎప్సం సాల్టు పేరిట విరేచనానికి వాడే లవణం ఇదే. అయితే పచ్చదోమ పట్టినపుడు కూడ పత్తి ఆకు అంచులు ముడుచుకొని ఎర్రబడును. ఆకు తిరగవేసి అడుగుభాగం చూడనిదే లవణం కొనరాదు.

వరి సంగతి మరింత ఆసక్తికరమైనది. ఉత్తర భారతంలోని తరాయి ప్రాంతంలో నాటిన కొద్ది వారాలకే వరి ఆకులపై త్రుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారేది. కాచు రంగు కనుక 'ఖైరా' అన్నారు. మన అడవులలోని సండ్ర చెట్టు, ఆయుర్వేదంలోని ఖదిరం, దాని కర్రనుండి తీసే కాచే అది. ఏదో తెగులనుకొన్న ఆ జబ్బుకు మూలం జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వై. ఎల్. నెనె నిరూపించారు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లుట నేడు మన రైతులకు సామాన్యమైన చికిత్స. జింకు మన వైద్యంలో యశదం; దానిని భస్మం చేసి ఔషధంగా వాడుదురు.

అదే నెనెగారు తరువాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసి, 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ స్థాపించారు. సురపాలుని 'వృక్షాయుర్వేదం' వ్రాతప్రతి ప్రతిబింబాన్ని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంనుండి తెప్పించి, నళినీ సాధలే గారిచే అనువదింపజేసి 1996లో ప్రచురించారు. చెట్లకును వాత పిత్త కఫ వికారాలు కలవనీ, వాటికి తగిన చికిత్సలు ఉన్నవనీ చెప్పే గ్రంథమది. జింకును కనిపెట్టిన చేతులే ఆ పాత గ్రంథాన్ని వెలికి తెచ్చుట నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఆధునికమా, ప్రాచీనమా అని తగవులాడేవారికి ఈ సంగతి చెబుతూ ఉంటాను.

మరల మా పెరటికి వస్తాను.

కరివేప పాలిపోయిన ఆ ఏడే మా కోడలికి అయిదవ నెల. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 గ్రాములని వచ్చినది. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ప్రభుత్వ వైద్యశాలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఇచ్చారు. నేను, "మాత్రలెందుకమ్మా, వేడి చేస్తాయి, మన పెరట్లో కరివేప, మునగ ఉన్నవి" అని రెండు పూటలా ఆకు పొడి పెట్టించాను. అమ్మాయి నా మాట తీసివేయలేక మాత్రలను అలమారులో దాచినది. నెల తిరిగేసరికి రక్తం ఇంకా తగ్గినది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. గోళ్లు, పెదవులు తెల్లగా ఉన్నవి.

ఇంటికి వచ్చిన నర్సమ్మ మాత్రల చీటీ లెక్కపెట్టి నావైపు చూచినది. "సారూ, ఆకుకూర పెట్టండి, వద్దనను. కాని ఆకులో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. ఇంత తక్కువ రక్తానికి మాత్ర తప్పదు. కాన్పులో రక్తం పోతే ఎవరు జవాబుదారీ?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. వెళ్లబోతూ కోడలితో, "ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒక్కసారి మింగకమ్మా. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. సున్నం ఇనుమును పట్టనియ్యదు. టీ తోటి అసలే వద్దు. నిమ్మరసం మంచిది" అని చెప్పినది.

సున్నం ఇనుమును పట్టనియ్యదు. ఆ మాట వినగానే నా కళ్లు పెరట్లోని బూడిద కుప్పమీదికి పోయినవి.

కట్టె బూడిదలో పొటాష్ ఉన్నది, కాని దానికన్న ఎక్కువగా సున్నమున్నది. అది క్షారం. ఏళ్ల తరబడి పోసిన బూడిద, దానికి తోడు సున్నపు బోరునీరు కలిసి ఆ చెట్టు మొదటి మట్టిని క్షారంగా మార్చినవి. క్షారపు మట్టిలో ఇనుము కరగదు. కరగని దానిని వేరు పీల్చుకొనలేదు. చెట్టు ఇనుపరాశిలో నిలబడి ఇనుముకు మొగం వాచినది. జఠరాగ్ని మందగించినవాని ముందు విందు వడ్డించినట్లే. పత్రహరితం తయారగుటకు ఇనుము అవసరం. అది లేక చిగురు పాలిపోయినది.

మనిషి ప్రేగులో కాల్షియం ఇనుమును అడ్డగించే తీరు వేరు, మట్టిలో సున్నం అడ్డగించే తీరు వేరు. రెండూ ఒకటేనని చెప్పను. కాని కలిగియుండుట వేరు, అందుట వేరు అన్న సంగతి రెండు చోట్లా సత్యం. ఫ్రాన్సు దేశస్థుడు యూసెబ్ గ్రిస్ పాలిపోయిన ఆకులకు ఇనుప లవణం పూసి పచ్చబరచవచ్చునని 1843లో చూపినప్పుడు ఆ మొక్కల జబ్బుకు ఉన్న పేరు క్లోరోసిస్. ఆ రోజులలో యూరపు వైద్యులు కన్నెపిల్లల రక్తహీనతను కూడ ఆ పేరుతోనే పిలిచేవారు. మనవారు పాండువు అన్నారు. చరక సంహిత చికిత్సా స్థానం పదహారవ అధ్యాయం పాండురోగ చికిత్సయే. అందులోని నవాయస చూర్ణంలో ఇనుముతో త్రిఫలాలను చేర్చారు. త్రిఫలాలలో ఉసిరిక ఉన్నది. పులుపును ఇనుముకు జత చేయుట మనవారికి కొత్త కాదు.

ఆ రాత్రే కోడలు అలమారులోని మాత్ర తీసి మింగినది. భోజనం తరువాత టీ మానిపించాము. పప్పులో నిమ్మరసం, ప్రక్కన ఉసిరి పచ్చడి. ఆకు పొడి మానలేదు, అయితే దాని పీట మార్చాము. ఔషధపు పీటనుండి ఆహారపు పీటకు.

చెట్టుకు చేసినది ఇది. బూడిద ఆ రోజునుండే ఆపివేశాను. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి సాయంత్రం పూట ఆకు రెండు వైపులా తడిసేటట్లు చల్లాను. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. ఆయుర్వేదంలో కాసీసమనే పేరుతో చెప్పబడినది. లేత ఆకుపచ్చని స్ఫటికాలు కొనవలెను. గోధుమరంగుకు తిరిగినది పాడైనది. ద్రావణాన్ని ఏ పూటకాపూట కలుపుకొనవలెను; నిలువ ఉంచితే ఇనుము తుప్పుగా అడుగంటిపోవును. నిమ్మ ఉప్పు ఆ తుప్పుపట్టుటను ఆలస్యం చేయును. ముందుగా ఒక కొమ్మపై చల్లి, రెండు రోజులు చూచి, ఆకు మాడకపోతే మిగిలిన చెట్టుకు చల్లవలెను. వారం ఎడంతో మూడుసార్లు చల్లాను. గచ్చుమీద పడితే మరక పోదు. మా వసారా నేటికీ సాక్ష్యం. చల్లిన రెండు వారాల వరకు ఆకు కోయలేదు. ఎరువుల దుకాణంలోని అన్నభేదిని ఇంటి వైద్యానికి వాడరాదు; పిల్లలకు అందకుండ దాచవలెను. ఇనుము మాత్రలకు కూడ ఈ జాగ్రత్త తప్పదు. తీపి బిళ్లలనుకొని పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం.

పదిరోజులకు చిగుళ్లలో పచ్చదనం తిరిగినది. కాని చల్లిన ఆకులే పచ్చబడినవి. నెల తరువాత వచ్చిన కొత్త చిగురు మరల పాలిపోయినది. ముందు చెప్పితిని గదా, ఇనుము ఆకునుండి ఆకుకు నడవదు. పై చికిత్సతో తీరే జబ్బు కాదు, మొదలు బాగుపడవలెను. పైన పేరుకొన్న బూడిద మట్టిని జానెడు లోతున వేళ్లు తెగకుండ తీసివేసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు కలిపి, మద్ది ఆకులు పరచాను. అడవిలో చెట్లకు ఎవరూ ఎరువు వేయరు. రాలిన ఆకే మట్టిలో చివికి ఇనుమును, జింకును వేళ్లకు అందే రూపంలో పట్టి ఉంచును. చూరునీటిని కుండీలోనికి మళ్లించి ఆ నీరే పోయసాగాము. పది రోజులకొకసారి పుల్లటి మజ్జిగను నీటిలో పలుచగా కలిపి పోసేది మా ఇంటావిడ. కరివేపకు మజ్జిగ పోయుట మన ఇండ్లలో పాత అలవాటే. ఒక్క మజ్జిగతో మట్టి మారిపోవునని నేననను గాని, బూడిదకంటె అది సరియైన దిక్కున పోవు అలవాటు.

బూడిదను పూర్తిగా నిషేధింపవలెనని నా అభిప్రాయం కాదు. పులుపు నేలలకు అది మేలే. ఇతర నేలలలో ఏడాదికొకసారి పలుచగా చల్లితే అరటికి, గుమ్మడికి పొటాష్ అందును. రోజూ ఒకే చెట్టు మొదట్లో పోయరాదు. యూరియాతో కలుపరాదు, నత్రజని వాయువుగా ఎగిరిపోవును. కట్టె బూడిద వేరు, బొగ్గు బూడిద వేరు. కొత్తగూడెం, ఇల్లెందు వైపు బొగ్గు పొయ్యిలు వాడినవారు రెంటినీ ఒకటిగా చూచేవారు. రాతిబొగ్గు బూడిదలో పొటాష్ స్వల్పం, హానిచేయు లోహాలు ఉండవచ్చును. ఆకుకూరల మడిలో అది వేయదగదు.

మీ పెరటి మట్టిలో సున్నం ఎక్కువగా ఉన్నదో లేదో స్థూలంగా తెలిసికొనుటకు, ఎండుమట్టి చెంచాడు పళ్లెంలో పోసి దానిపై వెనిగరు గాని, చిక్కటి నిమ్మరసం గాని వేయండి. బుసబుస నురగ వస్తే సున్నం ఉన్నట్లే. నురగ రాకపోయినంత మాత్రాన లేదని చెప్పలేము. అందుకు భూసార పరీక్షయే శరణ్యం. 2015లో ఆరంభమైన భూసార కార్డు పథకంలో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్‌లతోపాటు ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం కలిపి 12 అంశాలు చూస్తారు. సూచిక 7 దాటి 8కి చేరువైతే ఇనుము, జింకు అందుట కష్టమని గ్రహించవలెను.

పసుపు పట్టిన ప్రతి ఆకూ పోషక లోపం కాదు. వేళ్లదగ్గర నీరు నిలిచినా పాలిపోవును. పసుపు, పచ్చ అతుకులు అతుకులుగా, క్రమం లేకుండ వస్తే వైరస్ తెగులు కావచ్చు; దానికి ఏ లవణమూ పనిచేయదు.

కోడలికి తొమ్మిదవ నెలలో హిమోగ్లోబిన్ 10.6. పదకొండు కాలేదు. కాన్పు వైద్యశాలలోనే, సుఖంగా జరిగినది; పాప. కరివేప పూర్తిగా కోలుకొనుటకు రెండు వానకాలాలు పట్టినది. ఇప్పటికీ ఇంటిగోడవైపు, సున్నపు పెచ్చులు రాలేచోట, ఒక కొమ్మ చిగురు కొంచెం పసుపుగానే వస్తున్నది. వేణ్ణీళ్ల పొయ్యి బూడిదను నా మనుమరాలు అరటి పాదులో పోయబోతే, "అక్కడ నిన్న పోశాము తల్లీ, అటు గుమ్మడి వైపు పలుచగా చల్లు" అని చెబుతున్నాను.